బ్రేకు లేని కాలువ

ముప్పైయొక్క ఏండ్లు ఘాట్ రోడ్డులో బస్సు తోలినోణ్ని.
ఏ మలుపులో ఏ చెట్టు వేరు తారుని పైకెత్తిందో
కండ్లు మూసుకొని చెప్తా.
తిరపతి డిపోలో దండ వేయించుకున్న మూడో వారం
మా కండక్టరు చెంగల్రాయుడు
"రాబ్బా, మావూరి కాలవలో పడవ తోలుదువు గానీ" అని
తడ దాకా పిల్చకపోయినాడు.

దొరలు తవ్వించిన కాలువ.
నూలేసి కొట్టినట్టు నేరుగా ఉండాది,
కంటికందే దూరంలో ఒక్క మలుపు లేదు.
పడవ గూడా అంతే, పాము మాదిరి.
పొడుగు మా బస్సంత,
అడ్డంగా పండుకుంటే మోకాళ్లు మడవల్ల.
"దీనికి డ్రైవరెందుకు?" అన్నా.
పడవ వల్లెమ్మది, చెంగల్రాయుడి వదిన.
ఆమె నవ్వలా.
చుక్కాని కర్ర నా చేతిలో పెట్టి
ముందుకు పోయి రొయ్యపొట్టు చెరుగుకుంటా కూచునింది.

కర్ర కుడికి నెడితే పడవ ఎడమకి పోతాది.
ఈ ఒక్క ముక్క చేతికి ఎక్కేలోపల
రెండుసార్లు చిల్లకంపలో దూరినాము.
నా కుడికాలు ఊరికే పలకని తొక్కతా ఉండాది.
"బ్రేకు యాడుంది వదినా?"
"నీళ్లే."

కత్తిరి పోయినా ఎండ పోలా.
పదకొండు దాకా ఆకు కదల్లా,
కాలువలో మబ్బు, మబ్బులో ఒక కొంగ.
ఆమైన సముద్రం దిక్కునించి లేచింది గాలి.
ఫస్టు నా తువ్వాలు పోయింది.
తర్వాత రొయ్యపొట్టు, చేటతో సహా.
సరివి తోపంతా ఒక్కసారిగా
పెద్ద బస్టాండు మాదిరి అరిచింది.

పడవ నా మాట వినలా.
నేను ఉత్తరానికి పట్టుకుంటే
అది పక్కకి, పక్కకి, సిగ్గుపడే పెండ్లికొడుకు మాదిరి
గట్టు దిక్కుకి జరగతా ఉండాది.
"నేరుగా పోవాలంటే మూతి గాలికి తిప్పల్ల,
వంకర పట్టు," అని వల్లెమ్మ అరిచింది.
నేను వినేలోపల
మూతి ఆ గట్టుకి, తోక ఈ గట్టుకి,
దొరల కాలువకి అడ్డంగా
గడియ పెట్టినట్టు ఇరుక్కున్యాము.

కొండ మీద ఇట్లా అడ్డం పడుంటే
ఎనక నలబై హారన్లు, ముందర పోలీసు,
సాయంత్రం డీఎం ముందర చేతులు కట్టుకునే పని.
ఇక్కడ ఎవురూ రాలా.
ఒక ఎనుము ఈదుకుంటా వచ్చి,
చూసి, చుట్టూ తిరిగి గట్టెక్కి పోయింది.

సద్ది మూట ఇప్పినాము.
పాడుబడిన లాకు పక్కనే ఉంటే దిగిపోయి చూసినా.
తలుపుల్లేవు. రాయి అంచున గాడి,
నా బొటనవేలు సరిగ్గా పట్టేంత.
"మా అబ్బోళ్లు ఉప్పు పడవ తాడేసి లాగినారే,
ఆ తాడు ఒరిసి పడింది,
గాలెదురైతే రోజంతా లాగినా ఆ తాటిచెట్టు దాటేది లేదంట,"
అన్నాడు చెంగల్రాయుడు, ఊరగాయ నాక్కుంటా.
నా అరచెయ్యి చూసుకున్యా.
స్టీరింగు కాయ అట్లే ఉండాది, నున్నగా.
దాన్ని ఆ గాడిలో పెట్టి
ఎంతసేపు కూచున్యానో.
ట్రిప్పు షీటు లేదు గదా.

నాలుగుకి చెంగల్రాయుడికి ఓపిక అయిపోయింది.
జోబీలోనించి విజిల్ తీసినాడు.
"డిపోలో ఇచ్చేయలేదా?" అంటే మాట్లాడలా.
నిలబడి, రొమ్ము విరిచి, ఊదినాడు రెండు సార్లు.
రైట్.
గాలి ఆ రెండింటినీ మూటగట్టుకొని
పులికాటు దిక్కుకి పోయింది.
పడవ మాత్రం కదల్లా.
వల్లెమ్మ అప్పుడు నవ్వింది,
రోజంతా దాచిపెట్టుకున్న నవ్వు,
చేట పోయిన బాధ గూడా అందులోనే ఉండాది.

పొద్దుగూకే ముందు సరివి తోపు నోరు మూసింది.
ఎవురం ఏమీ చెయ్యలా.
తోక తనంతట తానే గట్టు ఇడిసింది, రొవ్వంత,
ఇంకా రొవ్వంత.
నేను కర్ర పట్టుకున్యా,
ఈసారి కొంచెం వంకరగానే,
గాలి లేకపోయినా.